తెర మీది రంగుకు కొలత ఉండాలి

(తిరుపతిలో ముద్రణ, డిజైన్, ఫొటోగ్రఫీ పనుల్లో ఉన్నవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెళ్ళిళ్ళ రోజుల్లో ప్రెస్సునూ స్టూడియోనూ వదిలి ఒక పూట ఇలా వచ్చి కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

మన ఊళ్ళో శుభలేఖలు డిజైన్ చేసే ప్రతివారికీ కుంకుమ ఎరుపు లెక్క కంఠతా వచ్చు. మజెంటా ఇంకు నూటికి 100 పాళ్ళు, పసుపు ఇంకు 100 పాళ్ళు. తెర మీద ఎలా కనిపించినా సరే, ఆ లెక్క వేస్తే ప్రెస్సులో ఆ ఎరుపే దిగుతుందని అందరికీ ధీమా. ఆ ధీమా చూస్తే నాకు సంతోషమూ వేస్తుంది, బెంగా వేస్తుంది. అంకెను నమ్మారని సంతోషం. తెరను నమ్మడం ఎప్పుడో మానేశారని బెంగ. ఎరుపుకు లెక్క ఉంది సరే, పెళ్ళికూతురి ముఖానికి లెక్క ఏది? శేషాచలం కొండల వెనక పొద్దు గూకేటప్పటి ఆకాశానికి ఏ అంకె వేస్తారు? అక్కడ కంటితో చూసి దిద్దుకోవలసిందే. కన్ను చూసేది తెరను. ఆ తెర నీలం ఎక్కువ చూపిస్తుంటే మనం తెలియకుండానే పసుపు కలుపుతాం. తెరలో ఉన్న దోషాన్ని తెచ్చి ఫొటోలో పెడతాం. అచ్చయి వచ్చాక ప్రెస్సువాళ్ళను తిడతాం.

కిరాణా కొట్టులో తూకం రాయి చూడండి. దాని మీద తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉంటుంది. గడువు తీరగానే మళ్ళీ తనిఖీ చేయించి ముద్ర వేయించాలి. రాయి ఎంత నున్నగా మెరుస్తోందని ఎవరూ అడగరు, ముద్ర ఉందా లేదా అనే అడుగుతారు. లక్షలు పోసి కొన్న మానిటర్‌ను మాత్రం మనం మెరుపు చూసి కొని, ముద్ర లేకుండా ఏళ్ళ తరబడి వాడుతున్నాం. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదొక్కటే: మానిటర్ ఏ కంపెనీదన్నది తర్వాతి సంగతి, ముందు దాన్ని కొలవండి. కొలిచిన మామూలు మానిటర్, కొలవని ఖరీదైన మానిటర్ కంటే మేలు.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదుతో మొదలుపెడతాను. "సార్, తెర మీద బాగానే ఉంది, ప్రింటులో చీకటిగా వచ్చింది." దీనికి పది కారణాలు వెతుకుతారు. ఇంకు తక్కువైందంటారు, కాగితం పీల్చేసిందంటారు. చాలాసార్లు అసలు కారణం బ్రైట్‌నెస్. తెర వెలుగును నిట్లలో కొలుస్తారు. మామూలు మానిటర్లు 250 నుంచి 350 నిట్ల వరకు వెలుగు ఇవ్వగలవు. దుకాణంలో పక్క మానిటర్ కంటే కొట్టొచ్చినట్టు కనిపించాలి కాబట్టి బ్రైట్‌నెస్ బాగా పెంచి పంపుతారు. ప్రింటు పని చేసుకునే గదిలో కావలసింది 80 నుంచి 120 నిట్లు మాత్రమే. మూడింతలు ప్రకాశించే తెర మీద ఫొటో దిద్దితే నీడలన్నీ వివరంగా కనిపిస్తాయి. ఇంకా తెల్లబరచాలని మీకు తోచదు. కాగితానికి సొంత వెలుగు లేదు, మీద పడ్డ వెలుగునే తిప్పి పంపాలి. జుట్టు, నల్లకోటు, పట్టుచీర మడతల్లోని నీడలు అన్నీ ఒకే నల్లముద్దగా వస్తాయి.

దీనికి పరికరం కూడా అక్కరలేని పరీక్ష ఒకటుంది. మీరు ప్రింటు చూసుకునే దీపం కింద తెల్ల కాగితం పట్టుకుని మానిటర్ పక్కన పెట్టండి. తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరవండి. తెర దీపంలా వెలుగుతూ కాగితం బూడిద రంగులో కనిపిస్తే మీ బ్రైట్‌నెస్ ఎక్కువ. రెండూ ఇంచుమించు ఒకే తెలుపుగా కనిపించేదాకా తగ్గించండి. మొదటి రెండు రోజులు తెర మసకగా ఉన్నట్టుంటుంది. తర్వాత కన్ను అలవాటు పడుతుంది. ఈ సభ నుంచి ఇంకేమీ తీసుకువెళ్ళకపోయినా ఈ ఒక్క పని చేయండి.

ఇప్పుడు అంకెల సంగతి. రంగును అంకెల్లో చెప్పడం ఎలా మొదలైందో కొంచెం తెలుసుకోవాలి, ఎందుకంటే మానిటర్ పెట్టె మీది అంకెలన్నీ అక్కడి నుంచే వచ్చాయి. 1920ల్లో ఇంగ్లండులో డేవిడ్ రైట్, జాన్ గిల్డ్ అనే ఇద్దరు విడివిడిగా ప్రయోగాలు చేశారు. ఒక చిన్న గుండ్రటి కిటికీలో సగం ఒక రంగు కాంతి, మిగతా సగంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల కలయిక. రెండు సగాలూ ఒకేలా కనిపించేదాకా మూడు కాంతులనూ తిప్పుకుంటూ పోవాలి. రైట్ దగ్గర పదిమంది, గిల్డ్ దగ్గర ఏడుగురు కూర్చుని చూశారు. ఆ 17 మంది చూపులోంచి 1931లో అంతర్జాతీయ ప్రకాశ సంఘం, మనం సీఐఈ అంటామే, అది ఒక "సగటు చూపరి"ని నిర్ణయించింది. ఆ రోజు నుంచి నేటి దాకా తెరల రంగు కొలతకు ప్రధాన మూలం ఆ చూపరే. పదిహేడు మందేమిటని తీసిపారేయకండి. దాదాపు వందేళ్ళుగా ఆ లెక్క నిలబడింది. కాకపోతే మీకూ మీ పక్కన కూర్చున్నవారికీ చూపులో కొద్దిపాటి తేడా ఉంటుంది. కొత్తరకం తెరల్లో, అంటే మూడు రంగులూ చాలా శుద్ధంగా ఉండే ఓఎల్‌ఈడీ వంటి వాటిలో, ఈ తేడా బాగా బయటపడుతుంది. ఒకే తెలుపు ఒకరికి గులాబీ జీరతో, మరొకరికి పచ్చ జీరతో కనిపించవచ్చు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇలాంటప్పుడు గొడవపడకుండా పరికరం కొలతకు కట్టుబడటం మంచిది.

రెండు రంగుల మధ్య దూరాన్ని డెల్టా ఈ అంటారు. అడిగిన రంగుకూ తెర చూపిన రంగుకూ మధ్య డెల్టా ఈ 1 ఉంటే, రెంటినీ పక్కపక్కన పెట్టి నిదానంగా చూస్తే తప్ప తేడా పట్టలేం. 2 లోపల ఉంటే వృత్తి పనికి నిశ్చింత. 5 దాటితే ఎవరికైనా కనిపిస్తుంది. పెట్టె మీద "డెల్టా ఈ 2 కంటే తక్కువ" అని ఉంటే మీరు రెండు ప్రశ్నలు అడగాలి. అది సగటా, గరిష్ఠమా? సగటు 1.5 ఉన్న మానిటర్‌లో ఒక్క బూడిద రంగు మెట్టు 5 తప్పి ఉండవచ్చు. బూడిదలో తప్పు చర్మపు రంగులోకీ, తెల్ల పంచెలోకీ, వెండి పాత్రలోకీ పాకుతుంది. రెండో ప్రశ్న, ఏ సూత్రంతో లెక్కించారు? 1976 నాటి సూత్రం ఒకటి, దాని లోపాలు సరిదిద్ది తర్వాత వచ్చిన 2000 సూత్రం ఒకటి. గాఢమైన రంగుల దగ్గర ఒకే జత రంగులకు ఈ రెండూ బాగా వేరైన అంకెలు ఇస్తాయి. పైగా ఆ పెట్టె మీది కొలత ఫ్యాక్టరీలో తీసిన రోజుది. తెర వెనక నుంచి వెలుగు ఇచ్చే బ్యాక్‌లైట్ వయసుతో మారుతుంది.

రంగుల పరిధి గురించి, అంటే గామట్ గురించి, మార్కెట్‌లో జరుగుతున్న హడావిడి నాకు అసలు నచ్చదు. ఎస్ఆర్‌జీబీ అనేది 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించిన పరిధి. వెబ్‌లో, ఫోనులో తిరిగే ఫొటోల్లో అత్యధికం దానిలోనివే. అడోబీ ఆర్‌జీబీ 1998లో వచ్చింది. ఆఫ్‌సెట్ అచ్చులో వాడే సియాన్ అనే నీలి ఇంకులో, దానితో కలిసి వచ్చే ఆకుపచ్చల్లో కొన్ని ఎస్ఆర్‌జీబీలో ఇమడవు. వాటినీ పట్టుకోవాలనే దాన్ని ఆకుపచ్చ వైపు పెద్దది చేశారు. అంటే ప్రింటు పనివారికి పెద్ద పరిధితో నిజమైన ప్రయోజనం ఉంది. కానీ చవక ల్యాప్‌టాప్‌ల వివరాల్లో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటుంది చూశారా? అది 1953 నాటి అమెరికా టీవీ ప్రమాణంతో పోల్చిన లెక్క. ఆ లెక్కలో 72 శాతం ఉంటేనే ఎస్ఆర్‌జీబీ అంత విస్తీర్ణం అవుతుంది. 45 అంటే మూడింట రెండు వంతుల కంటే తక్కువ. అటువంటి తెర మీద కుంకుమా కాషాయమూ దాదాపు ఒకటే. ఎంత క్యాలిబ్రేట్ చేసినా, అంటే కొలిచి సరిదిద్దినా, లేని రంగు రాదు.

ఇక్కడ బల్ల మీద ఉన్న ఈ గుడ్డ చూడండి. శ్రీకాళహస్తి కలంకారీ. దగ్గరికి వచ్చి చూడండి, చేత్తో ముట్టుకోవద్దు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టిన నూలు గుడ్డ కాబట్టి నేల రంగే లేత గోధుమ. ఈ నలుపు గీత బెల్లమూ ఇనుప తుప్పూ ఊరబెట్టిన కసిమితో, వెదురు కలంతో గీసింది. ఎరుపు పటిక పూసిన చోట చిరివేరు వంటి వేరు రంగు పట్టుకుని వచ్చింది. పసుపు కరక్కాయ పువ్వుది. నీలం నీలిమందుది. వీటిలో ఒక్కటైనా కళ్ళు జిగేల్‌మనిపించే రంగు ఉందా? ఈ రంగులు చాలావరకు ఎస్ఆర్‌జీబీ లోపలే హాయిగా ఇముడుతాయి. వీటికి పెద్ద గామట్ అక్కరలేదు. అయినా ఫొటో తీసి తెర మీద పెట్టి సరిగా చూపించడం ఎంత కష్టమో ఆ పని చేస్తున్నవారిని అడగండి. ఇవన్నీ బూడిదకు దగ్గరగా ఉండే అణిగిన రంగులు. అటువంటి చోట తెర నాలుగు పాళ్ళు పచ్చవైపు ఒరిగితే కరక్కాయ పసుపు పాకురు రంగవుతుంది. కాస్త ఎర్రవైపు ఒరిగితే ఆ లేత గోధుమ నేల గులాబీ పూసినట్టవుతుంది. జిగేల్‌మనే ఎరుపులో ఇంతే తప్పు జరిగినా ఎవరూ గమనించరు. కొనేవారు ఇంటికి వచ్చిన చీరను ఫొటోతో పోల్చి తిరిగి పంపేది ఈ తేడాకే. అందుకే అంటాను, పరిధి వేరు, కచ్చితత్వం వేరు. అమ్మేవారు మొదటిది చూపించి రెండోది ఉన్నట్టు నమ్మిస్తారు.

పెద్ద గామట్ మానిటర్‌తో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ప్రొఫైల్, అంటే ఆ తెర రంగుల వివరం రాసిన ఫైలు, చదవని సాఫ్ట్‌వేర్‌లో మామూలు ఎస్ఆర్‌జీబీ ఫొటో తెరిస్తే రంగులన్నీ రెచ్చిపోయి కనిపిస్తాయి. ముఖాలు టమాటాల్లా అవుతాయి. వెబ్‌కూ, సోషల్ మీడియాకూ మాత్రమే పనిచేసేవారు పూర్తి ఎస్ఆర్‌జీబీ ఉన్న మంచి ఐపీఎస్ ప్యానెల్ రకం మానిటర్‌తో ఆగిపోతే డబ్బూ మిగులుతుంది, తలనొప్పీ తప్పుతుంది. ఐపీఎస్ అని ఎందుకు అంటున్నానంటే, పాత టీఎన్ ప్యానెల్‌లో తల కొంచెం పైకెత్తితే ఒక రంగు, దించితే ఇంకో రంగు. పక్కన కూర్చున్న పార్టీకి మీకు కనిపించే రంగే కనిపించదు.

ముందు వరుసలోని తమ్ముడు 10 బిట్ గురించి అడుగుతున్నాడు. మంచి ప్రశ్న. 8 బిట్ అంటే ఒక్కో రంగుకు 256 మెట్లు, మొత్తం కోటీ అరవై ఏడు లక్షల రంగులు. 10 బిట్‌లో ఒక్కో రంగుకు 1024 మెట్లు. రోజువారీ పనికి 8 బిట్ చాలు. మెట్లు ఎక్కడ తెగుతాయంటే, క్యాలిబ్రేషన్‌ను కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు ద్వారా చేసినప్పుడు ఆ 256 మెట్లలోంచే కొన్నిటిని కోసి రంగును సరిచేస్తుంది. అప్పుడు సాయంత్రపు ఆకాశంలో, ఇందాక నేను చెప్పిన ఆకాశంలోనే, నారింజ నుంచి నీలానికి జారే చోట చారలు కనిపిస్తాయి. వృత్తి మానిటర్లలో, ఐజో కలర్‌ఎడ్జ్, బెన్‌క్యూ ఎస్‌డబ్ల్యూ వంటి వాటిలో, ఆ దిద్దుబాటు మానిటర్ లోపలే 14 లేదా 16 బిట్ల పట్టికలో జరుగుతుంది. మెట్లు తెగవు. వాటి ధర వెనక ఉన్న అసలైన కారణాల్లో ఇదొకటి. తెర అంతటా, మూలమూలకూ ఒకే వెలుగు ఉండేలా దిద్దడం మరొకటి. మీ దగ్గరున్న మానిటర్‌లో తెర నిండా ఒకే బూడిద రంగు నింపి మూలలు చూసుకోండి, సంగతి మీకే అర్థమవుతుంది.

ఇక గది. మానిటర్‌కు పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా దీపాలకు పెట్టం. తెర తెలుపుకు సాధారణంగా డీ65, అంటే సుమారు 6500 కెల్విన్ పెట్టుకుంటాం. ఈ కెల్విన్ అంకె పెరిగితే తెలుపు నీలం వైపు, తగ్గితే పసుపు వైపు ఒరుగుతుంది. అచ్చు పరిశ్రమ ప్రింటు చూసే దీపానికి డీ50, సుమారు 5000 కెల్విన్, ప్రమాణంగా పెట్టుకుంది. ఐఎస్ఓ 3664 దాని సంఖ్య. మన దుకాణాల్లో ఉండేది నీలపు తెలుపు ఎల్‌ఈడీ ట్యూబు. పైగా ఎండాకాలం మధ్యాహ్నం కిటికీలోంచి పడే వెలుగు సాయంత్రానికి ఎంత మారుతుందో మీకు చెప్పాలా? కిటికీకి ఎదురుగా మానిటర్ పెట్టుకోవద్దు. వెనక గోడకు ముదురు రంగు పెయింటు వద్దు, లేత బూడిద మేలు.

ఎల్‌ఈడీ కొనేటప్పుడు సీఆర్‌ఐ అనే అంకె చూడండి, ఆ దీపం కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో అది చెబుతుంది. 90 దాటి ఉండాలి. అంతటితో ఆగకండి. ఆ అంకెను ఎనిమిది లేత రంగుల మీద సగటు తీస్తారు. గాఢమైన ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు. దానికి ఆర్9 అని విడిగా ఇంకో అంకె ఉంటుంది. చవక ఎల్‌ఈడీల్లో ఆర్9 చాలా తక్కువ. ఆ దీపం కింద కుంకుమ ఎరుపు వాడిపోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. శుభలేఖలు, దేవుడి పటాలు, పట్టుచీరల ఫొటోలు చేసే ఊరిలో మనకు అన్నిటికంటే ముఖ్యమైన రంగు అదే కదా. ప్రూఫ్ ఎర్రగా లేదని మజెంటా పెంచేముందు ఒకసారి వాకిట్లోకి తీసుకువెళ్ళి నీడలో చూడండి.

కొలిచే పరికరాన్ని కలరీమీటర్ అంటారు. కాలిబ్రైట్, డేటాకలర్ కంపెనీలవి దొరుకుతాయి. మానిటర్‌ను అరగంట వెలిగించి ఉంచి, పరికరాన్ని తెరకు ఆనించి వదిలితే సాఫ్ట్‌వేర్ ఒక్కో రంగూ చూపిస్తూ కొలుచుకుంటూ పోతుంది. ముందు తెరను కోరిన వెలుగుకూ తెలుపుకూ తెస్తుంది, అది క్యాలిబ్రేషన్. ఆ తర్వాత ఈ తెర ఏ రంగును ఎలా చూపిస్తుందో రాసిపెట్టుకుంటుంది, అది ప్రొఫైల్. ఫొటోషాప్ ఆ ప్రొఫైల్ చదివి రంగును సరిచేసి పంపుతుంది. మీ ప్యానెల్ బ్యాక్‌లైట్ ఏ రకమో సాఫ్ట్‌వేర్‌లో సరిగా ఎంచుకోండి. తప్పు ఎంచుకుంటే తెలుపే తప్పుతుంది. డిస్‌ప్లేకాల్, ఆర్గిల్ సీఎంఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి, చక్కగా పనిచేస్తాయి. నెలకోసారి కొలవడం మంచి అలవాటు. ఈ పరికరం ఒక్కటి కొని నాలుగు దుకాణాలవారు పంచుకోవచ్చు. కెమెరా లెన్సులు పంచుకుంటున్నాం, ప్లేట్లు పక్క ప్రెస్సులో చేయించుకుంటున్నాం. దీనికి మాత్రం మొహమాటం ఎందుకు?

మానిటర్ నిజం చెప్పడం మొదలుపెట్టాక సాఫ్ట్ ప్రూఫ్, అంటే అచ్చులో రంగు ఎలా వస్తుందో తెర మీదే ముందుగా చూసుకోవడం, పనికొస్తుంది. అంతకుముందు చేస్తే వృథా. మీ ప్రెస్సువారిని అచ్చుకు ఏ ప్రొఫైల్ వాడాలో అడగండి. వారి దగ్గర సొంతది లేకపోతే నునుపు పూత ఉన్న కోటెడ్ కాగితానికి ఫోగ్రా39 అనే ప్రమాణ ప్రొఫైల్‌తో మొదలుపెట్టవచ్చు. చాలా కంప్యూటర్లలో, రీలు కాగితంతో నడిచే అమెరికా ప్రెస్సుల కోసం తయారైన స్వాప్ ప్రొఫైల్ అలాగే ఉండిపోతుంది, ఎవరూ మార్చరు. సాఫ్ట్ ప్రూఫ్ వేయగానే జిగేల్‌మనే నీలం ఊదాకు తిరగడం మీకు తెర మీదే కనిపిస్తుంది. ఆర్‌జీబీలోని, అంటే తెర మూడు రంగుల్లోని, శుద్ధ నీలానికి సీఎంవైకేలో, అంటే అచ్చు నాలుగు ఇంకుల్లో, సియాన్, మజెంటా రెండూ దండిగా పడతాయి, అందుకే అచ్చులో ఊదా అవుతుంది. సియాన్ కంటే మజెంటాను కనీసం 30 పాళ్ళు తక్కువగా ఉంచితే నీలం నీలంగా నిలుస్తుంది. ఈ దిద్దుబాటు ప్లేట్లకు వెళ్ళకముందే, పైసా ఖర్చు లేకుండా జరిగిపోతుంది.

పార్టీలు వాట్సాప్‌లో చూసి సరేననడం గురించి కూడా చెప్పాలి. చాలా ఫోన్ల తెర రంగులను ఉద్దేశపూర్వకంగా పెంచి చూపించే పద్ధతిలో ఉంటుంది, ఫొటో వాట్సాప్‌లో కుదించుకుపోతుంది. అక్షరదోషాలు, ముహూర్తం, పేర్లు సరిచూసుకోవడానికి ఆ ఫొటో చాలు. రంగుకు మాత్రం వారిని దుకాణానికి పిలిచి, కొలిచిన మానిటర్ ముందు కూర్చోబెట్టి చూపించండి. రాలేని వారికి కాగితం ప్రూఫ్ పంపండి. రంగు ఎక్కడ చూసి ఒప్పుకున్నారో ఆర్డరు కాగితం మీద ఒక వాక్యం రాసుకోండి. సగం తగాదాలు అక్కడే తీరిపోతాయి.

ఇప్పుడు చేసి చూద్దాం. బల్ల మీది రెండు మానిటర్లనూ పొద్దున్నే వెలిగించి ఉంచాం, కాబట్టి వాటికి అరగంట ఆగనక్కరలేదు. ముందు ఎవరిదైనా రోజూ పనిచేసుకునే ల్యాప్‌టాప్ కొలుద్దాం, అదైతే అందరికీ ఉపయోగం. వెనక వరుసలో బ్యాగుతో వచ్చిన అమ్మాయిది తీసుకుందాం. అమ్మా, ఛార్జర్ తగిలించి ఆన్ చేసి పెట్టండి. బ్రైట్‌నెస్ దానంతట అది మారేలా ఉంటే ఆ ఆప్షన్ తీసేయండి. నైట్ లైట్ ఉంటే ఆపేయండి. ఎవరైనా ఆ కిటికీ తెర దించండి, వెలుగు నేరుగా పడుతోంది.